డి డ్రైవ్‌లో లేని మాటలు

మా వృత్తిలో అబద్ధమాడటం చాలా తేలిక. "వైరస్ వచ్చిందండి" అంటే ఎవరూ తిరిగి అడగరు. "కరెంటు హెచ్చుతగ్గులండి" అంటే కరెంటోళ్ళను నాలుగు తిట్టి ఊరుకుంటారు. "హార్డ్ డిస్క్ పోయిందండి" అన్నామంటే ఇక చావు కబురు విన్నట్టు తల దించుకుంటారు. ఇరవై ఆరేళ్ళుగా కాకినాడ జగన్నాథపురంలో సిస్టములు బాగుచేస్తున్నాను. ఈ మూడు మాటలూ ఎన్నిసార్లు వాడానో చెప్పలేను. చాలాసార్లు అవి నిజమే. ఒక్కసారి మాత్రం కాదు. ఆ ఒక్కసారి సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు.

నా పేరు గవర్రాజు. పాత సిస్టముల వైద్యుడని మా పేటలో పేరుంది. కొత్త లాప్‌టాపులున్నవాళ్ళు నా షాపు మెట్లెక్కరు. ఆన్ చేయగానే మూడు కూతలు కూసి ఆగిపోయేవి, నీలం తెర వేసుకుని మొండికేసేవి, డ్రైవర్ దొరక్క మూలపడ్డవి, అన్నీ నా దగ్గరకే వస్తాయి. కూతలు కూస్తే ర్యామ్ ఊడదీసి, దాని పళ్ళను పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది, ఉఫ్‌మని ఊది మళ్ళీ పెడతాను. పదింట ఏడు లేచి కూర్చుంటాయి. మిగతావాటికి ఫార్మాట్. సి డ్రైవ్ మొత్తం తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కించడమే, మా వాళ్ళందరిదీ అదే వైద్యం. "మీ ఫైళ్ళు డి లో పెట్టుకోండి, సి అనేది ఎప్పటికైనా పోయేదే" అని వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతాను. చెప్పాను కనుక అందరూ అలాగే చేసి ఉంటారని నా నమ్మకం. అందుకే చూడను. చూడకుండానే కొట్టేస్తాను.

డాక్టర్ సుభాషిణి గారు నన్ను వెతుక్కుంటూ వచ్చింది కూడా పాత సిస్టం కోసమే. ఊళ్ళో ఒక పెద్దాసుపత్రి వెనక బ్లాకులో ఆవిడ పరిశోధన చేస్తారు. అరచేయంత కార్డు ఒకటి పట్టుకొచ్చారు. దాన్ని తయారుచేసిన విదేశీ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాన్ని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం ఒక్క పాత విండోస్ ఎక్స్‌పికే ఉంది.

"ఇది పట్టుకున్నంత సన్నటి సంకేతాలు కొత్త కార్డులేవీ పట్టుకోవడం లేదండీ. దీనికి సరిపడే సిస్టం కట్టి ఇవ్వగలరా?" అని అడిగారు.

"ఎక్స్‌పి అంటే నాకు వెన్నతో పెట్టిన విద్యండి" అన్నాను.

పాత విడిభాగాలు ఏరి సిస్టం కట్టాను. డిస్కును సి, డి అని రెండు ముక్కలు చేసి తీసుకెళ్ళి బిగించాను. సూరన్నను మొదటిసారి చూసింది అప్పుడే. మైలపల్లి సూరన్న హార్బరులో బోటు నడిపే సరంగు. పక్షవాతం వచ్చి మెడ కింది భాగమంతా చచ్చుబడింది. నాలుక, గొంతు కూడా పోయాయి. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. రెప్ప ఒకసారి మూస్తే ఔను, రెండుసార్లు మూస్తే కాదు. లోకంతో ఆయనకు మిగిలిన సంబంధం అంతే.

డాక్టరుగారు ఆయన తలకు మెత్తటి పట్టీ కట్టారు. పట్టీ వైర్లు కార్డులోకి, అక్కడి నుంచి స్పీకర్లోకి. మనిషి ఒక మాట పలకాలని గట్టిగా అనుకుంటే మెదడులో ఆ మాటకు తగ్గ అలజడి ఒకటి పుడుతుందట. దాన్ని పట్టి దాచుకుంటే, మళ్ళీ అది పుట్టినప్పుడు సిస్టం ఆ మాటను పైకి అంటుంది. ఒక్కో మాటకు ఒక్కో ఫైలు. కానీ ఊరికే రాదు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఆ మాటను వందలసార్లు అనాలి. అన్న ప్రతిసారీ సూరన్న దాన్ని లోపల అనుకోవాలి.

మొదటి మాట "కిటికీ". ఆయన భార్య నూకరత్నం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా "కిటికీ, కిటికీ" అంటూ కూర్చుంది. నేను పక్కన డ్రైవర్‌తో కుస్తీ పడుతున్నాను. ఉన్నట్టుండి స్పీకర్ గరగరలాడి "కిటికీ" అంది. ఆవిడ పరుగెత్తి కిటికీ రెక్కలు తెరిచింది. అక్కడి నుంచి సముద్రం కనబడదు, సైకిల్ స్టాండు కనబడుతుంది. సూరన్న దాన్నే తనివితీరా చూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు, సిగ్గుపడేవి ముందున్నాయి.

పదకొండు నెలల్లో పదకొండు వందల మాటలు చేరాయి. వాటిలో ఆవిడ పేరొకటి. పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళయినా సూరన్న ఆవిడను పేరుపెట్టి పిలవలేదు. మా వైపు మగాళ్ళు పెళ్ళాన్ని "ఇదిగో" అంటారు, లేదంటే దగ్గుతారు. తన పేరు తానే అనడానికి ఆవిడ సిగ్గుపడితే నర్సు కూర్చుని చెప్పింది. వారం పట్టింది. స్పీకర్లోంచి "నూకరత్నం" అని వినబడగానే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి పారిపోయింది. ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంక పెట్టి పిలిపించుకునేది.

దీనికి ఒక చిక్కుందని డాక్టరుగారు మొదట్లోనే చెప్పారు. పలికే పని సిస్టం చేసిపెడుతుంటే మెదడు తన వంతు తాను మెల్లగా వదిలేసుకుంటోంది. ఫైలు ఉన్నన్నాళ్ళూ ఫరవాలేదు. పోతే మాత్రం రెండు నెలల్లోగా అదే ఫైలు తెచ్చి పెట్టాలి. ఆలస్యమైన కొద్దీ తెచ్చినా అతకదు, కొత్తగా నేర్పుదామన్నా నూటికి ఒక్కటి రావడం గగనం.

"అందుకే వీటికి ఇంకో కాపీ ఉండాలి గవర్రాజు గారూ. పెన్‌డ్రైవ్ పెడితే నీలం తెర వచ్చేస్తోంది. మీరేదైనా దారి చూడండి. నన్నడక్కుండా మాత్రం ఏదీ తుడవకండి" అన్నారు, సూరన్న మంచం పక్కనే నిలబడి.

పెన్‌డ్రైవ్‌కూ ఆ కార్డు డ్రైవర్‌కూ పడదు. సీడీ రైటరు ఒకటి తెచ్చి పెడితే సరిపోయేది. "అలాగేనండి" అన్నాను. మళ్ళీ రెండుసార్లు అడిగారు. మళ్ళీ రెండుసార్లూ అలాగేనండి అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఊరి మీద పెద్ద ఉరుములు. డాక్టరుగారు విశాఖపట్నంలో ఏదో సభకు వెళ్ళారు. సిస్టం లేవడం లేదని నర్సు ఫోన్ చేస్తే వెళ్ళాను. నల్ల తెర మీద ఒకే ఒక వాక్యం ఉంది. విండోస్ మేలుకోవడానికి కావలసిన ఫైలు కనబడటం లేదని దాని భావం. సీడీ పెట్టి ఆ ఒక్క ఫైలు మళ్ళీ రాస్తే పావుగంట పని. ఒక్కోసారి అలా రాసినా లేవదు, మళ్ళీ రావలసి ఉంటుంది. సాయంత్రం ఐదింటికి మా తోడల్లుడి గృహప్రవేశం భోజనాలున్నాయి. ఫార్మాట్ కొడితే ఖాయంగా లేస్తుంది, ఫైళ్ళా డి లో ఉంటాయి. సి ని తుడిచేయమంటావా అని సిస్టం అడిగింది. దానికి ఎఫ్ నొక్కాలి. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నేను పూర్తిగా చదివింది లేదు.

మంచం మీద సూరన్న రెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. రెండు, రెండు, రెండు. కంట్లో నలుసు పడిందేమో అనుకున్నాను.

విండోస్ ఎక్కింది. కార్డు డ్రైవర్ ఎక్కింది. డాక్టరుగారి ప్రోగ్రాం తెరిచాను. మాటల పట్టిక ఖాళీగా ఉంది. డి తెరిచాను. ఎవరో సభలో దండలు వేయించుకుంటున్న ఫొటోలు నాలుగున్నాయి, అంతే. ఆ ప్రోగ్రాం మాటలన్నిటినీ తనంతట తానే సి లో దాచుకుంటోందని అప్పుడు చూశాను. డి లో పెట్టుకోమని నేను డాక్టరుగారికి చెప్పాను గానీ ప్రోగ్రాంకు చెప్పలేదుగా!

ఆ క్షణాన చేయవలసిందేమిటో నాకు తెలుసు. సిస్టం ఆపేసి, డిస్కు తీసి డాక్టరుగారి చేతిలో పెట్టి, "నేను తుడిచేశానండి, వెంటనే చెన్నై పంపండి" అనాలి. అక్కడ ఇలాంటివి బయటికి తీసే నిపుణులున్నారు. సగమైనా దక్కేవేమో. తెలియక చేసిన తప్పు అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత చేసింది తెలిసి చేసింది.

నా సంచిలో చచ్చిన డిస్కు ఒకటుంది. పొద్దున్నే ఒక స్కూలు సిస్టంలోంచి పీకాను. అదే కంపెనీ, అదే సైజు. నాలుగు మరలు విప్పాను, దీన్ని సంచిలో వేసుకున్నాను, దాన్ని అక్కడ పెట్టాను, నాలుగు మరలు బిగించాను. గదిలో మనిషి లేనట్టే చేశాను. మనిషి ఉన్నాడు. మూడడుగుల దూరంలో కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. ఆయన ఎవరికీ చెప్పలేడని నాకు ధైర్యం. ఆయన మాట తుడిచింది నేనే కదా.

తర్వాత వరండాలో ఉన్న నూకరత్నాన్ని పిలిచాను.

"ఏమ్మా, మధ్యాహ్నం దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

ఆవిడ మొహం పాలిపోయింది. "ఉరిమింది కదండి. పిడుగు పడుద్దేమోనని గోడమీద స్విచ్చి ఆపేసేనండి. మా ఇంటికాడ టీవీ అలాగే ఆపేత్తావండి. తప్పేటండి?"

స్విచ్చి ఆపినందుకు పోయింది ఆ ఒక్క చిన్న ఫైలే. "తప్పు కాదమ్మా, మా ఇంట్లోనూ ఆపేస్తాం" అని ఉండవచ్చు. స్విచ్చి వేశాను. లోపల చచ్చిన డిస్కు టిక్కు టిక్కుమంది.

"విన్నారా? హార్డ్ డిస్క్ పోయింది. అలా ఒక్కసారిగా ఆపేస్తే అంతేనమ్మా" అన్నాను.

"ఆయన మాటలండి?" అంది.

తల అడ్డంగా ఊపాను. ఆ రోజు గృహప్రవేశం భోజనాలకు ఐదు నిమిషాలు ముందే వెళ్ళాను.

డాక్టరుగారు తిరిగొచ్చి ఆ చచ్చిన డిస్కును పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి చెన్నై పంపారు. నా చేత కొత్త డిస్కు వేయించి, మళ్ళీ మొదటి నుంచి నేర్పబోయారు. నూకరత్నం నాలుగు రోజులు "కిటికీ" అంది. స్పీకర్ గుర్రుమంది తప్ప మాట రాలేదు. ఆయన లోపల వెతుకుతున్నాడనీ, దొరకనప్పుడు అలా గుర్రుమంటుందనీ డాక్టరుగారు చెప్పారు. ఐదో రోజు నుంచి ఆవిడ ఆయన ఎదురుగా కూర్చోవడం మానేసింది. ఆయన మొహం చూడలేక, మందు వేళకు లోపలికి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడి, మళ్ళీ వరండాలోకి పోయేది. పోయేముందు రోజూ ఒకటే అడిగేది.

"నేనే కదా నీ నోరు పాడుజేసేను?"

సూరన్న రెండుసార్లు రెప్ప మూసేవాడు.

"చూడండి, కాదంటన్నాడు. ఆయనది జాలిగుండెండి" అని నర్సుతో చెప్పి ఏడ్చేది.

గవర్రాజేమైనా చేశాడా అని అడిగి ఉంటే ఆయన ఒక్కసారి రెప్ప మూసేవాడు. ఆ ప్రశ్న అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. కొత్త డిస్కు చూడటానికని వెళ్ళిన ప్రతిసారీ ఆయనకు వీపు పెట్టి పనిచేసుకునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే వీధిలోకే పండుగప్ప చేపల పులుసు వాసన వస్తోంది.

"ఆసుపత్రి నుంచి నూకరత్నం అనే ఆవిడొచ్చిందండి" అంది మా ఆవిడ భాగ్యం, కంచం పెడుతూ. "మరిది బోటు వచ్చిందంట, మీ కోసమని చేప తెచ్చింది. ఆ డిస్కు బతికించాలని మీరు తిండీ తిప్పలూ మానేసి తిరుగుతున్నారంట కదా, ఎంత మెచ్చుకుందో! లోపలికి రమ్మంటే రాలేదండి. 'నా చేతులు మంచివి కావమ్మా, మా ఆయన నోరు తీసేసేను' అని గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. పాపం స్విచ్చి ఆపిందంట. అంతమాత్రానికే పోతాదాండీ?"

"పోతుంది" అన్నాను.

భాగ్యం చూస్తోందని రెండుసార్లు వడ్డించుకున్నాను. మొదటి ముద్దకే కక్కుకుంటానేమో అనుకున్నాను. అలాంటిదేమీ కాలేదు. పులుసు చాలా బాగుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ చచ్చేంత సిగ్గు.

ఆ మధ్యాహ్నమే షాపు షట్టరు సగం దించి, అసలు డిస్కును సొరుగులోంచి తీశాను. తుడిచిన డిస్కులో ఫైళ్ళు వెంటనే పోవు. అద్దె ఇంటి గుమ్మం మీద పేరు పలక పీకేసినట్టు, లోపల మనుషులు ఇంకా ఉంటారు. కొత్తవాళ్ళొచ్చి సామాను దించితేనే వాళ్ళకు చోటు పోతుంది. నేను తుడిచి ఊరుకోలేదు, దాని మీద విండోస్ మొత్తం దించాను. అయినా వెతికాను. దొరికిన ప్రోగ్రాములన్నీ వాడాను, తెలిసినవాళ్ళందరికీ వేరే ఎవరి డిస్కో అన్నట్టు ఫోన్ చేసి అడిగాను. ఇరవై రోజులు వేరే పని ముట్టుకోలేదు. పదకొండు వందల మాటల్లో రెండు వందల ఆరు బయటపడ్డాయి.

ఒక్కో ఫైలుకూ డాక్టరుగారు ఆ మాటే పేరుగా పెట్టారు. చాలు. దురద. వల. దుప్పటి. ఈశాన్యం గాలి. ఇదిగో. కాదు. నువ్వు. ఒక్కో పేరూ చదువుతుంటే ఆయన ఇంట్లో దొంగతనంగా సామాన్లు తిరగేస్తున్నట్టుంది. "నూకరత్నం" అనే ఫైలు కూడా దొరికింది. తెరిస్తే లోపల ఆ మాట లేదు.

అయినా ఆ రోజు ఎగిరి గంతేశాను. ఎప్పుడో సర్వీసింగుకు వెళ్ళినప్పుడు తీసిన పాత కాపీ షాపులో దొరికిందని చెబుతాను, మాటలు వెనక్కొస్తాయి, అందరూ దణ్ణం పెడతారు, ఎవరికీ ఏమీ తెలియదు. పాపమూ కొట్టుకుపోతుంది, పేరూ నిలబడుతుంది. ఇంత తెలివి నాకు ఫార్మాట్ కొట్టే ముందు ఎక్కడికి పోయిందో!

పట్టిక మరోసారి పైనుంచి కిందికి చదివాను. అందులో "చూశాను" ఉంది. "ఇతను" ఉంది. "అబద్ధం" ఉంది. అవి ఆయనకు తిరిగి ఇస్తే ఆయన మొదట అనేది ఆ మూడే.

రాసేస్తున్నాను, దాచి ఏం లాభం? ఆ మూడు మాటలూ తీసి పక్కన పెట్టాను. పూర్తిగా చెరిపేయడానికి చెయ్యి రాలేదు. నా షాపు సిస్టంలో డి డ్రైవ్‌లోకి జరిపాను.

మర్నాడు పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళాను. డిస్కు పూర్తిగా చచ్చిపోయిందనీ, ఏమీ రాలేదనీ అంతకు ముందు రోజే చెన్నై నుంచి కబురొచ్చిందట. డాక్టరుగారి కళ్ళ కింద నల్లగా ఉంది. పాత కాపీ దొరికిందన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేనండీ" అన్నారు. ఆ చేతులు వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు.

రెండు వందల మూడు మాటలు ఎక్కించాం. నలభై ఒక్క రోజులు గడిచాయి కనుక ఎన్ని అతుకుతాయో తెలియదు. సూరన్న తలకు పట్టీ కట్టి, మాటలను ఒక్కొక్కటే సరిచూశారు. యాభై దాకా అతికాయి. నూకరత్నం తలుపు బయటే నిలబడి ఉంది, రమ్మన్నా రాలేదు.

స్పీకర్ గరగరలాడింది. "ఇదిగో."

ఆవిడ గడప దాటింది. దాటి అక్కడే ఆగిపోయింది.

"నువ్వు" అంది స్పీకర్. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "కాదు."

"ఏటి మావా? ఏటి కాదు?" అంటూ దగ్గరికొచ్చింది.

"నువ్వు. కాదు. ఉరుము. కాదు."

ఆవిడ మంచం పట్టుకుని నేలమీద కూలబడింది. "నన్ను ఊరుకోబెట్టడానికి అంటన్నావు. అయ్యగారే చెప్పేరు కదా నా వల్లేనని" అంది. అయ్యగారు అంటే నేను.

స్పీకర్ గుర్రుమంది. ఆగింది. మళ్ళీ గుర్రుమంది. ఈసారి చాలాసేపు.

"ఏదో మాట కోసం వెతుకుతున్నారు. పాత కాపీ కదా, అందులో లేదేమో. ఏ మాటో ఏమిటో!" అన్నారు డాక్టరుగారు.

ఏ మాటో నాకు తెలుసు. అది నా షాపులో ఉంది. నలభై రోజుల తర్వాత నోరొస్తే ఆయన నా మీద చాడీ చెప్పలేదు, ముందు పెళ్ళాం మీద నింద దించాలని చూశాడు. ఆవిడ నమ్మడం లేదు. నమ్మించడానికి కావలసిన మాట నేను దాచాను. స్పీకర్ మూడోసారి గుర్రుమంది. ఆ చప్పుడు ఇంకొక్క నిమిషం వినలేకపోయాను.

"నేను చేశానండి" అన్నాను.

అంతా చెప్పాను. ఫార్మాట్, డిస్కు మార్చడం, స్విచ్చి మాట, షాపులో పెట్టొచ్చిన మూడు మాటలు, అన్నీ. గృహప్రవేశం భోజనాల సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. డాక్టరుగారు వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు. "ఆ రోజే చెప్పి ఉంటే..." అని, మాట పూర్తి చేయకుండా తలుపు చూపించారు.

వెళ్ళబోతుంటే నూకరత్నం నేలమీద నుంచే అంది, "ఉండమనండి. నా పేరుందా అందులో?"

"లేదమ్మా."

"ఏవైంది?"

ఈసారి తేలికపాటి జవాబు వెతకలేదు. విండోస్ ఎక్కగానే తెర మీద పచ్చటి కొండ, నీలం ఆకాశం బొమ్మ వస్తుంది. నేను విండోస్ దించినప్పుడు ఆ బొమ్మ వెళ్ళి సరిగ్గా ఆవిడ పేరున్న చోట కూర్చుంది. అదే చెప్పాను. కొత్త డిస్కు తెర మీద కూడా అదే బొమ్మ ఉంది. ఆవిడ తలెత్తి ఆ కొండను చూసింది.

"నలభై రోజులండి" అంది. "ఆయన కళ్ళలోకి చూడకుండా గోడని చూసుకుంటా కూకున్నాను. ఆయన కాదు కాదంటంటే నామీద జాలనుకున్నాను. మీకు చేప తెచ్చేను."

నేను మళ్ళీ తలుపు వైపు తిరిగాను.

"మీరేటి వెళ్ళిపోవడం? నా పేరు ఎవరు తీసేరో ఆళ్ళే పెట్టాలి. రేపట్నుంచి వచ్చి కూకోండి, ఆయన ఎదర. చెప్పండి నా పేరు."

"నూటికొకటి అండీ, వస్తుందో రాదో..." అన్నారు డాక్టరుగారు.

"రాపోతే రాపోనీయండి. చెప్పనియ్యండి" అంది ఆవిడ.

ఆ సాయంత్రమే మూడు మాటలూ తెచ్చి ఇచ్చాను. మూడూ అతికాయి. సిస్టం చూడటానికి డాక్టరుగారు వేరే మనిషిని పెట్టుకున్నారు. దాన్ని ముట్టుకునే హక్కు నాకిప్పుడు లేదు. భాగ్యానికి కూడా చెప్పాను. ఆ తర్వాత మా ఇంట్లో చాలా రోజులు చేపల ఊసెత్తలేదు.

నేను రోజూ తొమ్మిదింటికి వెళ్తాను. స్టూలు వేసుకుని సూరన్న ఎదురుగా కూర్చుంటాను. వీపు పెట్టడానికి లేదు, కళ్ళలోకి చూసే చెప్పాలి. రెండు వందలసార్లు "నూకరత్నం" అంటాను. అన్న ప్రతిసారీ స్పీకర్ గుర్రుమంటుంది. నూకరత్నం తలుపు దగ్గర పీట మీద కూర్చుని వింటుంది. మూడు నెలలైంది. "చూశాను" అన్న మాట ఆయన ఇంతవరకూ వాడలేదు. వాడితే బాగుండునని ఒక్కోసారి ఉంటుంది.

నిన్న నూట అరవై దాటాక నా గొంతు బొంగురుపోయింది. మాట పెగల్లేదు. స్పీకర్ గరగరలాడింది.

"నీళ్ళు."

నర్సు గ్లాసూ చెంచా తెచ్చి ఆయన పెదాల దగ్గర పెట్టబోయింది. ఆయన రెండుసార్లు రెప్ప మూసి, నా వైపు చూశాడు. నర్సుకు అర్థం కాలేదు. తలుపు దగ్గర నుంచి నూకరత్నం లేచి వచ్చి, గ్లాసు తీసుకుని, నా మొహంలోకి చూడకుండా నా చేతిలో పెట్టింది.

తాగాను. తాగి, గొంతు సవరించుకుని, మళ్ళీ ఆయన కళ్ళలోకి చూసి, నూకరత్నం అన్నాను.